ఇల్లు కిరాయికి ఇచ్చినవారు తెలుసుకోవలసిన సంగతులు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని ఈసారి కూడా విద్య గురించే మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడితే వినేవారికీ విసుగు, చెప్పేవారికీ విసుగు. అందుకని కిరాయి ఇళ్ళ గురించి మాట్లాడతామని అడిగి ఒప్పించుకున్నాం. మాస్టరుకు కోర్టు సంగతులెందుకని మీలో కొందరు అనుకోవచ్చును. మేము వకీలు కాము. అయితే ఉర్దూ చదవటం వస్తుందన్న పేరు మీద చాలామంది తమ పాత కాగితాలు మా వద్దకు తెస్తుంటారు. వాటిలో తాతల నాటి కిరాయినామాలు కూడా ఉంటాయి. తేదీ ఫసలీలో వేసి ఉంటుంది. ఫసలీ 1353 అంటే ఎప్పుడు మాస్టరు సాబ్ అని అడుగుతారు. దానికి 590 కలుపుకోండి, 1943 వస్తుంది అని చెబుతాం.

ఆ కాగితాలు చదువుతుంటే ముచ్చట వేస్తుంది. గదులెన్ని, కిరాయి ఎంత, ఏ తారీఖుకు ఇవ్వాలి, సున్నం ఎవరు వేయించాలి, బావి నీళ్ళు ఎవరెవరు వాడుకోవాలి, అన్నీ రాయించుకున్నారు. కింద ఇద్దరు సాక్షుల దస్తఖతులు. అదే తాతగారి మనుమణ్ణి పట్టుకొని "మీ కిరాయిదారుతో కాగితమేది?" అంటే, "మాట మీదే ఇచ్చాం సాబ్, మంచివాడే" అంటాడు. మంచివాడు కాకపోతే ఏం చేస్తావంటే జవాబు లేదు.

మన సంఘంలో పెద్ద జాయదాదు ఉన్నవారు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కిరాయి తీసుకునేవారిలో ఎక్కువమంది చిన్నవారు. గల్ఫ్‌లో పదిహేనేళ్ళు ఎండలో పనిచేసి పై అంతస్తు ఒకటి వేసుకున్నవారు, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో రెండు మల్గీలు కట్టించుకున్నవారు, భర్త పోయాక ముందు పోర్షన్ కిరాయికిచ్చి వెనుక గదిలో సర్దుకున్న అమ్మలు. ఆ కిరాయి సొమ్ముతోనే సరుకులు, మందులు, పిల్ల ఫీజు. రెండు నెలలు రాకపోతే ఇంట్లో పొయ్యి ఆలోచిస్తుంది. పెద్ద యజమానికి వకీలు ఉంటాడు, మునీము ఉంటాడు. చిన్న యజమానికి పక్కింటివాళ్ళ సలహా ఒక్కటే ఉంటుంది. ఆ సలహాలు ఎలాంటివో చూద్దాం.

అన్నిటికన్నా పెద్ద సలహా: "పన్నెండేళ్ళు ఉన్నాడంటే ఇల్లు వాడిదైపోతుంది." ఈ మాట మన గల్లీల్లో వినని చెవి లేదు. ఇది ఎక్కడి నుండి వచ్చిందంటే 1963 నాటి కాలపరిమితి చట్టం నుండి. ఒకరి స్థలాన్ని మరొకరు హక్కుదారుకు వ్యతిరేకంగా, బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్ళు ఖబ్జాలో పెట్టుకుంటే, తరువాత హక్కుదారు దావా వేసుకోలేడని దానిలో ఉన్నది. కిరాయిదారు ఆ కోవలోకి రాడు. అతడు మన అనుమతితో ప్రవేశించినవాడు. నెలనెలా కిరాయి ఇస్తున్నాడంటే, ఇల్లు మనదని నెలనెలా ఒప్పుకుంటున్నట్లే. కిరాయిదారు నుండి ఇల్లు తిరిగి తీసుకోవటానికి కూడా 12 ఏళ్ళ గడువే ఉన్నది గాని, అది కిరాయి ఒప్పందం ముగిసిన నాటి నుండి మొదలవుతుంది, అతడు దిగిన నాటి నుండి కాదు. కిరాయిదారుగా ఉన్నంతకాలం "ఈయన అసలు ఓనరే కాదు" అని అనే వీలు కూడా అతనికి లేదు. 1872 సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమాన్ని 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంచారు.

ఇది తెలియక ఏం జరుగుతున్నది? పదకొండు నెలలు కాగానే కిరాయిదారును లేపేస్తున్నాం. సరిగా కిరాయి ఇచ్చేవాణ్ణి, ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాణ్ణి కూడా. దాని ఫలితం ఏమిటో మేము బడిలో చూస్తాం. నవంబరులోనో జనవరిలోనో ఒక తండ్రి వచ్చి నిలబడతాడు, ఇల్లు మారాం సాబ్, టి.సి. ఇవ్వండి అంటాడు. పిల్ల పేరు రిజిస్టరులో కొట్టివేసేది మేమే. ఐదో తరగతి చదువు మూడు బళ్ళలో చదివిన పిల్లలు మాకు తెలుసు. ఒక యజమాని ఉత్త భయానికి ఒక కుటుంబం ఇంత మూల్యం చెల్లిస్తున్నది.

అసలు ఆ పదకొండు నెలల లెక్క కూడా ఇంటిని కాపాడటానికి పెట్టింది కాదు. ఏడాదికి మించిన కిరాయి ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకని పదకొండు నెలలకు రాసుకుంటారు, అంతే. గడువు కాగానే అదే కిరాయిదారుతో మరో పదకొండు నెలలకు కొత్త కాగితం రాసుకోవచ్చును. మనిషిని మార్చవలసిన పని లేదు.

ఇక రెండో సలహా: "తాళం వెయ్యి, వాడే దారికొస్తాడు." మాకు తెలిసిన ఒక ఖాలాజాన్ సంగతి చెబుతాం. పేరు, గల్లీ అడగవద్దు. భర్త లేరు. పై పోర్షన్ కిరాయికిచ్చారు. కిరాయిదారు అయిదు నెలలు బాకీ పెట్టాడు. అడిగితే రేపు, ఎల్లుండి. వాళ్ళు పెళ్ళికని ఊరికి వెళ్ళినప్పుడు మేనల్లుణ్ణి పిలిపించి ఆమె తాళం వేయించింది. న్యాయం ఎవరి పక్షాన ఉన్నది? ఆ ఉదయం వరకు పూర్తిగా ఆమె పక్షానే ఉన్నది. సాయంత్రానికి ఆమె తప్పుచేసిన మనిషి అయిపోయింది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఒకటి ఉన్నది. కోర్టు ద్వారా కాకుండా ఎవరినైనా బలవంతంగా వెళ్ళగొడితే, వారు ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి ఇల్లు ఎక్కవచ్చును. ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే ఆ దావాలో అడగరు. కిరాయిదారు ఆ కాగితం పట్టుకొని వచ్చాడు. పైగా అయిదు నెలల బాకీ లేనే లేదు, చేతికే ఇచ్చానన్నాడు. ఆమె దగ్గర రసీదు పుస్తకం లేదు, కిరాయినామా లేదు, పద్దు రాసిన నోటుబుక్కు కూడా లేదు. చివరికి పెద్దలు కూర్చొని రాజీ చేశారు. తాళం తీశారు, బాకీ మాఫీ, అతడు మూడు నెలలకు ఖాళీ చేసి పోయాడు. ఎనిమిది నెలల కిరాయి పోయింది. ఆమెకు అది ఎంత పెద్ద మొత్తమో ఆమె రేషన్ సంచీ మోసిన మేనల్లుడికి తెలుసు.

తాళమే కాదు, నల్లా కట్టివేయటం, కరెంటు ఫ్యూజు పీకివేయటం కూడా ఈ కోవలోవే. తగిన కారణం లేకుండా కిరాయిదారు అనుభవిస్తున్న సౌకర్యాలను యజమాని ఆపరాదని మన అద్దె నియంత్రణ చట్టంలోనే రాసి ఉన్నది.

ఆ చట్టం గురించి నాలుగు మాటలు చెప్పాలి. నిజాం రాష్ట్రపు ప్రాంతంలో 1954 నాటి హైదరాబాదు చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం ఉండేవి. రెంటినీ తీసివేసి 1960లో భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం తెచ్చారు. తెలంగాణ వచ్చిన తరువాత అదే తెలంగాణ చట్టం అయింది. మొదట్లో 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళకు ఈ చట్టం వర్తించదని ఉండేది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ తేడా న్యాయం కాదని సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసింది. ఆపైన 2005లో సవరణ చేశారు. కట్టి 15 ఏళ్ళు నిండని భవనాలకు ఈ చట్టం వర్తించదు. మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలకు, ఇతరచోట్ల 2,000 రూపాయలకు మించిన కిరాయి ఉంటే కూడా వర్తించదు. అంటే ఈ రోజుల్లో మనం కొత్తగా ఇచ్చే పోర్షన్లు చాలావరకు దీని బయటే ఉంటాయి. వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. పాత బజారులో తక్కువ కిరాయి మీద తరాలుగా నడుస్తున్న పాత మల్గీలు మాత్రం చాలావరకు 1960 చట్టం కిందనే ఉన్నాయి. మీ ఇల్లు దేని కిందకు వస్తుందో ముందు తెలుసుకోండి. కోర్టు వేరు, పద్ధతి వేరు. తప్పు గుమ్మం ఎక్కి రెండేళ్ళు పోగొట్టుకున్నవారున్నారు. (మసీదు మల్గీలు, వక్ఫు ఇళ్ళ సంగతి మళ్ళీ వేరు. వాటికి 1995 చట్టం, 2025 సవరణ ఉన్నాయి. ఆ జోలికి ఇవాళ పోము, పోతే ఇషా దాటుతుంది.)

1960 చట్టం కింద ఖాళీ చేయించాలంటే కారణం చూపించాలి. కిరాయి ఎగవేత, యజమాని అనుమతి లేకుండా మరొకరికి కిరాయికివ్వటం, ఇంటిని పాడుచేయటం, ఇల్లు మనకే నిజంగా అవసరం కావటం, ఇలాంటివి. కిరాయి ఎగవేత అన్నా లెక్క ఉన్నది. ఒప్పందంలో రాసిన తారీఖు దాటి 15 రోజులు చూడాలి. ఒప్పందంలో తారీఖు లేకపోతే మరుసటి నెల ఆఖరు రోజు వరకు చూడాలి. కాగితం లేనివారికి అక్కడే నష్టం మొదలవుతున్నది, గమనించారా?

ఆస్తి బదిలీ చట్టం కింద నెలనెలా కిరాయి అయితే 15 రోజుల నోటీసు చాలు. నోటీసు రాతపూర్వకంగా, దస్తఖతుతో ఉండాలి, పోస్టులోనో చేతికో అందాలి. గల్లీలో నిలబడి అరిచింది నోటీసు కాదు. నోటీసు గడువు తీరాక కూడా ఎప్పటిలాగే కిరాయి తీసుకొని జేబులో వేసుకుంటే, నోటీసు వదులుకున్నారని ఎదుటి వకీలు వాదిస్తాడు. చట్టంలోనే దానికి ఉదాహరణ ఇచ్చి ఉన్నది. నోటీసుకు ముందే ఒక వకీలును అడగటం మంచిది. ఆ వంద మాటల కాగితానికి ఇచ్చే ఫీజు దండుగ కాదు.

ఇంతవరకు మన హక్కుల సంగతి. ఇక మన జిమ్మేదారీల సంగతి. ఇది చెప్పినప్పుడు కొందరు ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి.

కిరాయి తీసుకుంటే రసీదు ఇవ్వాలి. 1960 చట్టం కింద అది కిరాయిదారు హక్కు. మనం కిరాయి తీసుకోకుండా మొరాయిస్తే అతడు బ్యాంకు పేరు చెప్పమని నోటీసు ఇవ్వవచ్చు, మనిఆర్డరు చేయవచ్చు, చివరికి అధికారి వద్ద జమ చేయవచ్చు. "కిరాయి తీసుకోకుంటే ఎగవేత కింద వస్తుంది" అని తెలివి చూపేవారి తెలివి అక్కడితో సరి. ఈ రోజుల్లో ఫోనులో సొమ్ము వేస్తున్నారు గదా, రసీదు ఎందుకంటారు. మంచిదే, దానికి లెక్క ఉంటుంది. కాని ఏ నెలది, కిరాయా అడ్వాన్సా, కరెంటు కలిపా విడిగానా అన్నది అక్కడ ఉండదు. రెండు రూపాయల పుస్తకంలో ఒక్క వాక్యం రాస్తే ఉభయులకూ నిశ్చింత.

అడ్వాన్సు. 1960 చట్టం వర్తించే ఇంటికి ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు పుచ్చుకోవటానికి చట్టం ఒప్పుకోదు. పగిడీ అసలే ఒప్పుకోదు. మిగిలిన ఇళ్ళకు ఉభయులు అనుకున్నదే లెక్క. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి రెండు నెలలు, దుకాణాల వంటివాటికి ఆరు నెలలు మించరాదని పెట్టారు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలు. అయినా కొలతగా పెట్టుకోవటానికి పనికి వస్తుంది. అడ్వాన్సు అమానత్ అని మరచిపోతున్నాం. కిరాయిదారు ఖాళీ చేసేరోజు "సున్నం వేయించాలి, అయిదు వేలు పట్టుకుంటున్నా" అంటాం. వాడకంలో సహజంగా జరిగే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం స్పష్టంగా చెబుతున్నది. తలుపు విరగగొడితే పట్టుకోండి. నాలుగేళ్ళు వంట చేసిన గదిలో గోడ నల్లబడిందని పట్టుకుంటే అది అమానత్‌లో చేయి పెట్టటం.

మరమ్మతు సంగతి. కప్పు కారుతున్నా, గోడ నెర్రె ఇచ్చినా తెలిసి కూడా దాచిపెట్టి కిరాయికి ఇవ్వరాదు. మనం చేయించవలసిన మరమ్మతు నోటీసు ఇచ్చాక కూడా చేయించకపోతే, కిరాయిదారే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో కోసుకోవచ్చును. 108వ సెక్షన్‌లో ఉన్నది. ఆ రోజు కోపం తెచ్చుకొని లాభం లేదు.

కరెంటు గురించి ఒక మాట. మూడు పోర్షన్లకు ఒకే మీటరు పెట్టి యూనిట్‌కు మనకు తోచిన రేటు వసూలు చేస్తున్నాం. వాడకం పెరిగిన కొద్దీ స్లాబు మారి యూనిట్ రేటు పెరుగుతుంది. అంటే కింది పోర్షన్‌లో ఒక బల్బు, ఒక ఫ్యాను వాడుకునే ముసలివాడు పై పోర్షన్ కూలరు రేటు కడుతున్నాడు. వేరే మీటరు తీసుకుంటే ఖర్చు ఒక్కసారే, తగాదా పోతుంది.

దీనుకూ కిరాయికీ సంబంధమేమిటని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరె బఖరాలో 282వది, నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. గడువు పెట్టుకున్న అప్పును రాతలో పెట్టుకోవటం, సాక్షులను పెట్టుకోవటం గురించి. సూరె మాయిదా మొదలయ్యేదే ఒప్పందాలు నిలబెట్టుకోమన్న ఆజ్ఞతో. ఫిఖ్‌లో ఇజారాకు ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. కిరాయికి ఇచ్చేది ఇంటిని కాదు, ఇంటి వాడకాన్ని. వాడకానికి వీల్లేని ఇల్లు ఇచ్చి పూర్తి కిరాయి గుంజుకోవటాన్ని ఏ మౌలానా సాబ్ సమర్థిస్తారో మాకు తెలియదు.

ఇంకొకటి. మన పిల్లలు చదువుకో, ఉద్యోగానికో పెద్ద నగరాలకు వెళ్ళి ఇల్లు వెదికితే, ఫోనులో అన్నీ కుదిరి, పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్ళకు ఇచ్చేశాం" అన్న జవాబు వినటం మనకు కొత్త కాదు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి పిల్లవాడు చెప్పినప్పుడు తల్లికి ఎలా ఉంటుందో ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. మన గల్లీలో బోర్డు పెట్టినప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఒంటరి ఆడమనిషా, వద్దు. నలుగురు పిల్లలా, వద్దు. ఫలానా బిరాదరీయా, వద్దు. మన గాయం మనకు తెలుసు గాని, మన చేతి కర్ర మనకు కనబడటం లేదు.

ఇప్పుడు అందరికన్నా కష్టమైన మాట. ఈ మాటకు మా మీద కోపం వచ్చేది బయటివారికి కాదు. తండ్రి చనిపోయారు, ఇల్లు పంచుకోలేదు, పెద్దన్న కిరాయి వసూలు చేస్తున్నాడు. చెల్లెళ్ళు అత్తవారింట్లో ఉన్నారు. తండ్రి కన్నుమూసిన క్షణానే వారసులందరికీ హక్కు ఏర్పడుతుంది. కిరాయి నెలకు 8,000 వస్తున్నదనుకోండి. తల్లి, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. తల్లికి ఎనిమిదో వంతు, వెయ్యి. మిగిలిన 7,000లో కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు లెక్కన, ఒక్కో కొడుకుకు 2,000, ఒక్కో కూతురికి 1,000. ఇంత సులభమైన లెక్క మా ఆరో తరగతి పిల్లలు చేస్తారు. ఇళ్ళలో మాత్రం తేలటం లేదు. సహహక్కుదారులలో ఒక్కరే కిరాయిదారు మీద దావా వేయవచ్చునని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. కావున పెద్దన్న కోర్టుకు వెళ్ళవచ్చు, రసీదు మీద దస్తఖతు చేయవచ్చు. వచ్చిన సొమ్ములో చెల్లెళ్ళ వాటా మాత్రం అతనిది కాదు. ఇంటి పన్ను, మరమ్మతు ఖర్చు తీసివేసుకొని పద్దు చూపించాలి. "పెళ్ళికి అంత ఖర్చు పెట్టాం గదా" అన్నది పద్దు కాదు. చెల్లెలు నోరు తెరిచి అడగకపోవటం మాఫీ చేయటమూ కాదు.

భర్త పోయిన అమ్మలు, ఒంటరిగా ఉన్న అక్కచెల్లెళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఆడవారెవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇల్లు ఉన్నది గనుక మాకు ఇవ్వరు అనుకోవద్దు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, ఫీజు లేదు. పైన చెప్పిన ఖాలాజాన్ తాళం కొనటానికి బజారుకు వెళ్ళిన రోజు అక్కడికి వెళ్ళి ఉంటే కథ వేరుగా ఉండేది.

సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. వకీళ్ళుగా ఉన్న మన సభ్యులు ఇద్దరు ముగ్గురు కూర్చొని ఒక నమూనా కిరాయినామా తయారుచేస్తే బాగుంటుంది. కోర్టు నోటీసులు తెలుగులోనో ఇంగ్లీషులోనో వస్తున్నవి, ఇంట్లో పెద్దలకు ఉర్దూ తప్ప రాదు. అందుకని ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ ఉండాలి. ఉర్దూ వైపు మేము రాస్తాం. కిరాయి, తారీఖు, అడ్వాన్సు, కరెంటు, నల్లా, మరమ్మతు, ఖాళీ చేసే నోటీసు, ఇవన్నీ దానిలో ఉండాలి. దానితోపాటు ఒక రసీదు పుస్తకం అచ్చువేయించి సభ్యులకు అసలు ధరకు ఇవ్వవచ్చును. వచ్చే నెల రెండో ఆదివారం జొహర్ తరువాత మేము సంఘం గదిలో ఉంటాం. పాత కాగితాలు ఉన్నవారు తీసుకురండి, ఫసలీ తేదీలు వేసినవైనా సరే. ఒరిజినల్ ఇంట్లో పెట్టి జిరాక్సు తెండి.